వెనక్కి తీసుకున్న రంపపు చేప

మా మేడమ్ చనిపోయినప్పుడు ల్యాబు వాళ్లు సంతాపసభ పెట్టారు. రిటైరైన నన్ను కూడా పిలిచారు. ఆమె ఏ చేప మీద ఏం రాశారో, ఏ తీరంలో ఏం కనిపెట్టారో, ఎంతమంది విద్యార్థులను తయారుచేశారో అన్నీ చదివారు. అంతా నిజమే. చివర్లో నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. ఆమె ఫొటోకు దండం పెట్టాను. కూర్చున్నాను.

నేను చెప్పాలనుకున్నది ఆమె ఒకటి కనిపెట్టి, వెంటనే వెనక్కి తీసుకున్న సంగతి. సంతాపసభలో అలాంటివి ఎవరూ చెప్పరు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు చదివితే చాలు.

నేను శాస్త్రవేత్తను కాను, ల్యాబ్ టెక్నీషియన్ని. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి సూరత్‌కు మగ్గాల పనికి వచ్చి ఖటోదరాలో ఒక కార్ఖానాలో చేరాడు. నేను ఇక్కడే పుట్టాను. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, కార్ఖానా దగ్గర హిందీ. నా డిగ్రీ కన్నా ఈ మూడు భాషలే నాకు ఉద్యోగంలో ఎక్కువ పనికొచ్చాయి. ఆ రోజు కూడా పనికొచ్చాయి, నేను కోరుకోకపోయినా.

మేడమ్‌ది కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డు. కాంట్రాక్టు మీద మా ల్యాబుకు వచ్చారు. వయసులో నాకన్నా చాలా చిన్న. నన్ను 'అన్నయ్యా' అనేవారు, నేను 'మేడమ్' అనేవాణ్ణి. ఇద్దరం మొదటి రోజు నుంచి అలాగే ఉండిపోయాం.

ఆమె వెతికేది రంపపు చేపను. ముట్టె ముందు పొడవాటి రంపం ఉంటుంది. చూడ్డానికి సొరచేపలా ఉంటుంది గానీ, నేలకు అంటుకుని ఈదే చదునైన చేపలకు దగ్గరి బంధువు. ఆ రంపానికున్న పళ్లు నిజానికి పళ్లు కావు. చర్మం మీది పొలుసులే తరతరాలుగా అలా మారాయి. ఇసుకలో దాగిన చిన్న జీవుల ఒంట్లో పుట్టే విద్యుత్తును ఆ రంపం పసిగడుతుంది. కోట్ల ఏళ్లుగా దాన్ని బతికించిన రంపమే నైలాను వలలు వచ్చాక దాని చావుకొచ్చింది. పళ్లు వలలో చిక్కితే ఇక విడిపోవు. ఒకప్పుడు ఈ తీరమంతా తిరిగిన చేప. సూరత్ దగ్గర బతికున్నదాన్ని చూశానన్న వాళ్లు అప్పటికే ముసలివాళ్లు.

"మా తాతయ్య వాళ్ల వలలో పడితే వల మొత్తం చింపేసేదట అన్నయ్యా. ఇంటికొచ్చి తెగ తిట్టేవాడు. ఆ తిట్లు విన్నాను గానీ చేపను మాత్రం చూడలేదు" అనేవారు మేడమ్.

చూడని చేపను వెతకడానికి ఇప్పుడు ఒక పద్ధతి ఉంది. చేప నీళ్లలో తిరిగినప్పుడు దాని జిగురు, చర్మపు పొట్టు, మలం అందులో కలుస్తాయి. వాటిలో దాని డీఎన్ఏ ఉంటుంది. నీళ్లు తెచ్చి సన్నటి వడపోత కాగితం గుండా పంపితే ఆ జాడ కాగితం మీద మిగులుతుంది. దాన్ని యంత్రంలో పెట్టి ఆ చేప జాడా కాదా అని తేల్చవచ్చు. నీళ్లు తేవడం, వడకట్టడం, యంత్రం దాకా నడిపించడం నా పని. ప్రతిసారీ ఒక సీసాలో ల్యాబులోని శుద్ధమైన నీళ్లు కూడా పడవ మీద తిప్పి తెస్తాం. అందులో కూడా జాడ వచ్చిందంటే తప్పు మన చేతుల్లో ఉన్నట్టు లెక్క.

మమ్మల్ని తిప్పే జీపు డ్రైవరుది సిరిసిల్ల వైపు. మగ్గం చప్పుడుకు చెవులు పోతున్నాయని ఆ పని మానేసి బండి పట్టాడు. మా పద్ధతి విన్న రోజున తెగ నవ్వాడు.

"ఏంది సార్, చాప దొరకకుంటే చాప చెమట ఏరుకొస్తున్రా?"

"గట్లనే అనుకో."

"మరి గా చెమట వండుకుంటరా, పులుసు పెడతరా?"

ఇంకోరోజు మేడమ్ బండిలో ఒక సంగతి చెప్పారు. వేరే దేశంలో ఈ జాతి చేపలు బాగా తగ్గిపోయిన చోట, కొన్ని ఆడచేపలు మగతోడు లేకుండానే పిల్లల్ని కన్నాయని జన్యుపరీక్షల్లో తేలిందట. జాతి అంతరించే అంచుకు వస్తే ఒంటరి ప్రాణి ఏ దారైనా వెతుక్కుంటుందేమో అన్నారామె.

డ్రైవరు అద్దంలోంచి ఆమెను చూశాడు. "అంటే మొగోళ్లతోని పనే లేదన్నట్టు. మేడమ్, గీ ముచ్చట మా ఇంట్ల చెప్పకుర్రి జర."

సూరత్ దగ్గరి డుమస్ తీరం దాటాక సముద్రపు పాయ ఒకటి లోపలికి వస్తుంది. ఇక్కడివాళ్లు ఖాడీ అంటారు. దాని ఒడ్డున ఒక జాలరివాడ ఉంది. పేరు రాయను. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది. ఆ వాడలో ఒక ముసలి టండేల్, అంటే పడవ పెద్ద, మాకు తన పడవ ఇచ్చేవాడు. వాడ నుంచి నీళ్లలోకి దిగే మెట్ల దగ్గరే, పడవలు ఆగే కొత్త జెట్టీ కోసం ఖాడీ అడుగు తవ్వాలని అప్పటికే ప్రతిపాదన ఉంది. దాన్ని పరిశీలించే కమిటీకి మా ల్యాబు కూడా నివేదిక ఇవ్వాలి. అక్కడ రంపపు చేప ఉందని తేలితే తవ్వకం ఆగుతుంది. లేదంటే జరుగుతుంది. మేడమ్ పని మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది.

రాఖీ పున్నమ నాడు జాలర్లు సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చి వేట మొదలుపెడతారు. ఆ ఏడు ఆ రోజే మేము నీళ్లకు వెళ్లాం. మెట్ల పక్కన నీళ్లలో పూలు, కుంకుమ తేలుతున్నాయి. పండుగ నాడు ఏ ఒడ్డునైనా ఉండేవే. టండేల్ భార్య టీ ఇచ్చింది. పడవ కదలాలంటే పోటు రావాలి కనుక మొదటి సీసాలు ఆ మెట్ల దగ్గరే నింపాను. తరువాత ఖాడీలోకి, అది సముద్రంలో కలిసే మొగదాకా వెళ్లి మిగతావి నింపాం.

జవాబు తేలేసరికి దాదాపు రెండు నెలలు గడిచి శరత్ పున్నమి దగ్గరపడింది. ఖాడీ లోపలి సీసాల్లో ఏమీ లేదు. మొగ దగ్గరా లేదు. మెట్ల దగ్గరి సీసాల్లో మాత్రం రంపపు చేప జాడ ఉంది. మళ్లీ చేశాను, మళ్లీ వచ్చింది. శుద్ధమైన నీళ్ల సీసాలో ఏ జాడా లేదు. అంటే జాడ ల్యాబులో అంటుకున్నది కాదు, ఖాడీ నుంచే వచ్చింది.

మేడమ్ యంత్రం తెర ముందు నిలబడి అంకెలన్నీ మళ్లీ చదివారు. తరువాత నా వైపు తిరిగి, "బతికుంది అన్నయ్యా" అన్నారు. అంతే. ఆ తర్వాత చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్లి చాలాసేపు రాలేదు.

మా డైరెక్టరు గారు మాత్రం ఎగిరి గంతేశారు. కమిటీకి చెప్పడానికి ముందే పత్రికలకు చెబుదామన్నారు. ఒక వారం ఆగమని మేడమ్ బతిమాలారు. కమిటీకి మాత్రం ఆ సాయంత్రమే కబురు పంపారాయన.

సూరత్‌లో శరత్ పున్నమి మర్నాడు ఘారీ తింటారు. నెయ్యి పోసి చేసే మిఠాయి, ఒకటి తింటే మధ్యాహ్నం భోజనం అక్కర్లేదు. మేడమ్ ఒక పెద్ద డబ్బా కొన్నారు. "పడవ ఇచ్చింది ఆయన. కబురు కూడా ముందు ఆయనకే చెప్పాలి" అన్నారు. డ్రైవరుతో కలిపి ముగ్గురం వాడకు బయల్దేరాం.

అంతకుముందు ఎప్పుడూ టండేల్ ఇంటి వసారా దాటి లోపలికి వెళ్లలేదు. ఆ రోజు పండుగ కనుక ముసలామె లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. గోడకు దేవుడి పటాలు ఉన్నాయి. వాటి పక్కన, నా చేతికన్నా పొడవైన రంపం ఒకటి సింధూరం పూసి, దండ వేసి వేలాడుతోంది.

మేడమ్ దాన్ని చూసి చిన్నపిల్లలా దగ్గరికి వెళ్లారు. టండేల్ నవ్వాడు. వాళ్ల నాన్న పట్టిన చేపది అని చెప్పాడు. అది ఇంట్లో ఉన్నంతకాలం సముద్రం ఈ ఇంటి మగవాళ్లను తిరిగి పంపిస్తుందని వాళ్ల నమ్మకం. ఆయనకు హిందీ కొద్దిగా వచ్చు, కాబట్టి అంతవరకు మేడమ్‌కు అర్థమైంది.

ముసలామెకు గుజరాతీ తప్ప రాదు. మేడమ్‌ను 'బేన్' అనేది, చెల్లీ అన్నట్టు. ఘారీ డబ్బా అందుకుంటూ నాతో ఉత్సాహంగా చెప్పుకుపోయింది. "ప్రతి ఏటా పున్నమ నాడు దీనికి స్నానం చేయిస్తాం భాయ్. మామూలుగా పడవ మీద, నడిసముద్రంలో. ఈసారి మీ బేన్ ఇదే చేపను వెతుకుతోందని మా ఆయన చెప్పాడు. పాపం, ఆడపిల్ల, ఇంత దూరం వచ్చి తిరుగుతోంది. అందుకని ఈసారి మెట్ల దగ్గరే, మీరు పడవ ఎక్కే చోటే చేయించాను. కొబ్బరి పీచుతో బాగా రుద్దాను. మీరు వచ్చేసరికి అప్పుడే అయింది. మీవాళ్లలో ఒకదాన్ని పిలువు తల్లీ, ఈ బేన్‌కు కనబడమని చెప్పు అని మొక్కుకున్నాను."

 మేడమ్ రంపం దగ్గర నుంచి వెనక్కి తిరిగి నవ్వుతూ అడిగారు. "ఏమంటున్నారు అన్నయ్యా? నా గురించేనా?"

ఈ మాట యువకులకు చెప్పాలి. భాష తెలిసినవాడి చేతిలో కొన్నిసార్లు చాలా అధికారం ఉంటుంది. "మీ కోసం మొక్కుకున్నారట మేడమ్" అని ఊరుకుంటే అది అబద్ధం కాదు. ముసలామె చెప్పినదాంట్లో సగం. ఆ సగంతో మేడమ్ ఆ రోజు సంతోషంగా ఇంటికి వెళ్లేవారు. ఖాడీ తవ్వకం ఆగేది. తప్పు పట్టేవాళ్లు కూడా ఉండేవాళ్లు కాదు.

మొత్తం చెప్పాను. ఆమె చెప్పిన వరుసలోనే.

మేడమ్ ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది. ముసలామె వైపు తిరిగి చేతులు జోడించారు. కూర్చుని ఒక ఘారీ ముక్క తిన్నారు, టీ తాగారు. కబురు చెప్పకుండానే లేచారు.

బండి వాడ దాటింది. డ్రైవరే ముందు నోరు తెరిచాడు. "గా ముసలవ్వ మంచికే చేసింది గద మేడమ్."

"అవును. నా కోసం నా కన్నా ఎక్కువ చేసింది" అన్నారామె.

నేను ఉండబట్టలేక అన్నాను. "మేడమ్, ఎండిన రంపం నుంచే వచ్చిందని మాత్రం ఎలా చెప్పగలం? నిజంగా చేప కూడా వచ్చిపోయిందేమో. యంత్రానికి ఆ తేడా తెలియదు."

"తెలియదు అన్నయ్యా. అదే కదా గొడవ."

"అలాంటప్పుడు ఉందనుకుంటే తప్పేముంది?"

ఆమె కిటికీ అద్దం దించారు. "మా నాన్న పోయాక అమ్మ చాలా రోజులు గుమ్మం వైపు చూస్తూ ఉండేది. ఎవరు చెప్పులు విప్పినా ఆయనే అనుకునేది. వద్దు అన్నయ్యా" అన్నారు.

మర్నాడు మేడమ్ డైరెక్టరు గారి గదికి నన్ను కూడా రమ్మన్నారు. జరిగింది చెప్పి, కబురు వెనక్కి తీసుకుందామన్నారు. ఆయనకు మొదట అర్థం కాలేదు. తరువాత కోపం వచ్చింది.

"చేప లేదని నువ్వు నిరూపించగలవా?"

"లేను సార్."

"మరి? ఉందని వచ్చింది కదా. మనం అబద్ధం చెప్పడం లేదు. ఖాడీ బాగుపడుతుంది. నీ ప్రాజెక్టు నిలబడుతుంది. నీకేమైనా పిచ్చా?"

"లేదని నేను అనడం లేదు సార్. ఉందని చెప్పే హక్కు మనకు లేదంటున్నాను. రేపు ఇది తప్పని ఇంకెవరో తేలిస్తే, నిజంగా ఉన్నచోట ఉందని చెప్పినా ఎవరూ నమ్మరు."

ఆయన కాసేపు టేబుల్ మీద పెన్ను దొర్లించారు. "సరే. ఆ రంపం ఎవరింట్లో ఉంది? పేరు రాయి. అలాంటిది అనుమతి లేకుండా ఇంట్లో పెట్టుకోవడం నేరం, తెలుసుగా. అటవీశాఖకు కూడా చెప్పాలి."

మేడమ్ తల అడ్డంగా ఊపారు. ఆయన నా వైపు చూశారు. "నువ్వు చెప్పు. నువ్వూ వెళ్లావుగా."

"ఆ వాడలో ఇళ్లన్నీ ఒకేలాగుంటయి సార్" అన్నాను.

నా సర్వీసు మొత్తంలో పై అధికారికి ఎదురుగా నేనన్న తిక్క సమాధానం అదొక్కటే. మేడమ్ ఆ రోజే కమిటీకి రాశారు. నమూనాలు తీసిన రోజు ఆ నీళ్లలో ఏమేం కలిశాయో తాను విచారించలేదని, పాత ఎండిన రంపం ఒకటి నీళ్లకు తగిలిందని ఆలస్యంగా తెలిసిందని, కనుక ఆ జాడను లెక్కలోకి తీసుకోవద్దని. తప్పు తనదేనని రాశారు. ఎవరి పేరూ రాయలేదు.

మరుసటి ఏడు తవ్వకం జరిగింది. జెట్టీ వచ్చింది. తవ్వకాన్ని అడ్డుకోవాలనుకున్న కుర్రవాళ్లు కొందరు ల్యాబు గేటు దగ్గర మేడమ్‌ను నిలదీశారు. మీరు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది కదా అన్నారు.  ప్రాజెక్టు మాత్రం పూర్తిగా పోలేదు, చిన్నదైంది. ఏడాదికోసారి అదే ఖాడీలో నీళ్లు చూసేంత డబ్బు మిగిలింది.

అంతకుముందే, కమిటీకి ఉత్తరం పంపిన వారానికి మేమిద్దరం మళ్లీ వాడకు వెళ్లాం. టండేల్‌కు మొత్తం చెప్పాలని మేడమ్ పట్టుబట్టారు. వాళ్లు నొచ్చుకుంటారేమో అన్నాను. "నొచ్చుకోనివ్వండి. నా కోసం మొక్కినవాళ్లకు నేను దాచలేను" అన్నారు.

వసారాలో కూర్చుని చెప్పాం. ఆమె హిందీలో మొదలుపెట్టారు, నేను గుజరాతీలో పూర్తిచేశాను. మీరు రుద్దిన రంపం నుంచి రాలిన పొట్టే మా యంత్రానికి దొరికినట్టుంది, నీళ్లలో చేప ఉందని చెప్పలేం అని.

టండేల్ గుమ్మంలోంచి లోపలి రంపం వైపు చూశాడు. బాధపడతాడనుకున్నాను. ఆయన ముఖం నెమ్మదిగా వెలిగింది.

"మా నాన్న పోయి ఎన్నేళ్లయింది. దాన్ని పట్టింది అంతకన్నా ముందు. ఇన్నేళ్ల తర్వాత కూడా నీళ్లలో పెడితే నేనున్నానని చెబుతోందా?"

మేడమ్ ముందుకు వంగారు. "అవును కాకా. ఇంకా చెబుతోంది" అన్నారు.

ముసలామె భర్త మోచేతిని పొడిచింది. "నేను ఎంత గట్టిగా రుద్దానో చూశావా? నువ్వు రుద్దితే ఏం తెలిసేది?"

అప్పుడు మేడమ్ నవ్వారు. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. 

వచ్చే ఏటి నుంచి పున్నమ నాడు స్నానం ఎలా చేయించాలన్న మాట టండేలే ఎత్తాడు. ఆచారం మానలేడు. మానమని మేమూ అనలేదు. చివరికి వాళ్లిద్దరే తేల్చుకున్నారు. ఖాడీ నీళ్లే బిందెతో తెచ్చి, పెరట్లో ప్లాస్టిక్ టబ్బులో పోసి, అందులో స్నానం చేయించాలి. ఆ నీళ్లు తిరిగి ఖాడీలో పోయకూడదు, పెరట్లో మునగచెట్టు మొదట్లో పోయాలి. నడిసముద్రానికి తీసుకెళ్లడం కూడా ఆపేశాడాయన.

ఆ తర్వాత ప్రతి ఏడూ వెళ్లాం. ప్రతి ఏడూ సీసాల్లో జాడ లేదనే తేలింది. పైకి చూస్తే ఇది చెప్పుకునేంత సంగతి కాదు. మేడమ్ మాత్రం ఆ ఫలితాల కాగితాన్ని ప్రతిసారీ మొదటి నుంచి చివరిదాకా చదివేవారు. "ఈ లేదు అన్నది మాత్రం నిజం అన్నయ్యా" అన్నారొకసారి. ఒక ప్రాణి లేదని ఒప్పుకోవడానికి కూడా అంత పని ఉంటుందని నాకు ఆమె దగ్గరే తెలిసింది.

నేను రిటైరయ్యాను. కొంతకాలానికి ఆమెకు జబ్బు చేసింది. ఆమె పోయాక ఆ ప్రాజెక్టు ఆగిపోయింది. ఈ ఏడు రాఖీ పున్నమ నాడు నేనొక్కణ్ణే బస్సెక్కి వాడకు వెళ్లాను. టండేల్ మంచం మీద ఉన్నాడు. ముసలామె పెరట్లో టబ్బు ముందు కూర్చుని రంపాన్ని రుద్దుతోంది.

"బేన్ రాలేదేం?"

చెప్పాను. ఆమె చేతిలో పీచు ఆగింది. కాసేపు రంపం మీదే చేయి వేసి కూర్చుంది. తరువాత పని పూర్తిచేసి, తుడిచి, సింధూరం పెట్టి లోపల గోడకు తగిలించి వచ్చింది. టబ్బు వైపు చూసింది.

"ఇక మీవాళ్లెవరూ నీళ్లకు రారుగా భాయ్. ఇవి ఇప్పుడు ఖాడీలో పోసేయొచ్చా?"

పాపం, నడుము వంగిన మనిషి. మెట్లు దగ్గర, పెరటి చివరనున్న మునగచెట్టు దూరం. సరేనందామనుకున్నాను.

"వద్దు మాసీ. ఎవరైనా రావొచ్చు" అన్నాను.

ఆమె ఎందుకని అడగలేదు. టబ్బు ఒక అంచు తను పట్టుకుంది. రెండో అంచు నేను పట్టుకున్నాను. ఒలకకుండా నెమ్మదిగా నడుచుకుంటూ చెట్టు దాకా తీసుకెళ్లాం.